బిగింపు వేరు, పట్టు వేరు

కార్బన్ సైకిలు సీటు తనంతట తానే ఎందుకు దిగిపోతుంది? ఫ్రేముకు హాని కలగకుండా దానిని నిలబెట్టడం ఎలా?

1969 సెప్టెంబరులో ఫ్రాన్సులోని బ్లువా పట్టణంలో ఒక సైకిలు పందెం జరిగింది. ఒక్కొక్క పోటీదారుకు ముందు ఒక్కొక్క చిన్న మోటారు వాహనం పరుగెడుతూ, ఎదురుగాలిని తాను భరించి, వెనుకవానికి వేగాన్ని సమకూర్చే పందెమది. ఆ ఏడాది జూలైలోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన బెల్జియం యువకుడు ఎడ్డీ మెర్క్స్ అందులో పాల్గొన్నాడు. ముందు వెళుతున్నవారు పడిపోగా, మెర్క్స్, ఆయనకు ముందు మోటారు నడుపుతున్న ఫెర్నాండ్ వాంబ్‌స్ట్ కూడా నేలకూలారు. వాంబ్‌స్ట్ మరణించాడు. మెర్క్స్ తలకు, వెన్నుపూసకు, కటి భాగానికి దెబ్బలు తగిలాయి.

ఆ తరువాత కూడా మెర్క్స్ టూర్ డి ఫ్రాన్స్‌ను మరి నాలుగు సార్లు గెలిచాడు. 1972లో మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు స్థాపించాడు. కాని బ్లువాలో తగిలిన దెబ్బ ఆయనను వదలలేదు. నడుములో నొప్పి లేని భంగిమ కోసం ఆయన వెదకని మార్గం లేదు. సీటును కొంచెం ఎత్తడం, కొంచెం దించడం, పందెం నడుస్తుండగానే దానిని సవరించుకోవడం ఆయనకు అలవాటుగా మారింది. లోకంలోకెల్లా గొప్ప సైకిలు వీరుడు సీటు ఎత్తులో కొద్ది మిల్లీమీటర్ల తేడా కోసం అంతగా తాపత్రయపడ్డాడు.

అయితే మెర్క్స్ తన సీటును తన ఇష్టప్రకారం మార్చుకున్నాడు. ఈనాడు కార్బన్ ఫ్రేము గల సైకిళ్ళ యజమానులలో అనేకులకు ఎదురవుతున్న చిక్కు దీనికి భిన్నమైనది. వారు మార్చకుండానే సీటు ఎత్తు మారిపోతుంది. ఉదయం బయలుదేరినప్పుడు ఉన్న ఎత్తు మధ్యాహ్నానికి ఉండదు. అలెన్ కీతో మళ్ళీ ఎత్తి బిగిస్తారు, మళ్ళీ దిగుతుంది. ఇంకా గట్టిగా బిగిస్తారు, ఒక రోజున 'టక్కు'మని శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దంతో పగిలేది తరచుగా ఫ్రేములోని అత్యంత విలువైన భాగమే.

ఈ చిక్కు వెనుక ఉన్న కారణం సులభమైనది. పరిష్కారం కూడా సులభమైనదే. రెంటినీ గ్రహించడానికి ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే చాలు: బిగింపు వేరు, పట్టు వేరు.

వేలి మందం విలువ

సీటును మోసే నిలువు కడ్డీని సైకిళ్ళ తయారీదారులు సీటు పోస్టు అంటారు. మన సైకిలు షాపులలో దానికి సీటు పిల్లర్ అని పేరు. ఫ్రేములోని సీటు గొట్టంలోకి అది దిగి ఉంటుంది. గొట్టం పైఅంచున ఉండే చిన్న ఉంగరం వంటి క్లాంపు దానిని పట్టి ఉంచుతుంది. మనిషి బరువు, రోడ్డు కుదుపులు, తొక్కుడు ఊపు అన్నీ చివరకు ఆ చిన్న ఉంగరం మీదనే ఆధారపడి ఉంటాయి.

సీటు ఎత్తు ఎంత ఉండాలి? ఇందుకు ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. మూడు సార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ సైకిలిస్టు గ్రెగ్ లెమాండ్ పేరిట అది ప్రచారంలోకి వచ్చింది. పాదరక్షలు లేకుండా నిలబడి, నేల నుండి తొడల సంధి వరకు కొలిచి, ఆ కొలతను 0.883తో గుణించాలి. పెడళ్ళు తిరిగే ఇరుసు నడిమి నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం అదే. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు సుమారు 70.6 సెంటీమీటర్లు. ఇది అందరికీ అక్షరాలా సరిపోయే లెక్క కాదు. మొదలుపెట్టడానికి మాత్రం మంచి లెక్క.

సీటు ఈ ఎత్తు కంటె బాగా దిగిపోతే పెడలు తొక్కిన ప్రతిసారీ మోకాలు అవసరానికి మించి ముడుచుకుంటుంది. మోకాలి చిప్ప దాని వెనుకనున్న ఎముకను మరింత గట్టిగా ఒత్తుకుంటుంది. ఒక కిలోమీటరులో దీని ప్రభావం తెలియదు. కాని ఫ్రాన్సులో నాలుగేళ్ళకొకసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ వంటి యాత్రను తీసుకోండి. సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన్ని 90 గంటలలో ముగించాలి. మన దేశం నుండి కూడా ఎందరో దీనిలో పాల్గొంటున్నారు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 80 చుట్లు తొక్కే మనిషికి ఈ దూరంలో ప్రతి మోకాలూ దాదాపు 2,88,000 సార్లు ముడుచుకొని చాచుకుంటుంది. వేలి మందం తేడా అన్ని లక్షల సార్లు లెక్కకు వస్తుందన్నమాట.

ఇందులోని ప్రమాదమేమంటే, సీటు ఒక్కసారిగా దిగదు. ఒక్కొక్క ప్రయాణంలో రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. తొక్కేవానికి నొప్పి తెలుస్తుంది గాని కారణం తెలియదు. వయసు మీద పడుతున్నదనో, వ్యాయామం ఎక్కువైనదనో అనుకుంటాడు.

పోగులతో నేసిన ఫ్రేము

ఉక్కు సైకిలులో అరుదైన ఈ చిక్కు కార్బన్ సైకిలులో ఎందుకింత సాధారణమైనదో తెలియాలంటే, ఆ పదార్థం స్వభావం కొంత తెలియాలి.

విద్యుద్దీపాల తొలిరోజులలో ఎడిసన్ వెదురు పోగులను కాల్చి, బొగ్గుగా మార్చి, దీపంలో తీగగా వాడాడు. కాని బరువు మోయగల కార్బన్ పోగు తయారు కావడానికి ఇరవయ్యవ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ అత్యంత బలమైన కార్బన్ తంతువులను తన ప్రయోగశాలలో చూపాడు. 1961లో జపానులోని ఒసాకాలో అకియో షిండో పాలీయాక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ దారాన్ని వేడిచేసి కార్బన్ పోగులు తీసే పద్ధతిని ప్రకటించాడు. 1960లలోనే ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థ దానిని మరింత దృఢమైన పోగుగా తీర్చిదిద్దింది. ఒక్కొక్క పోగు మందం మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు అయిదారు రెట్లు మాత్రమే; మన తల వెంట్రుక దానికంటె ఎన్నో రెట్లు లావు.

వేలాది పోగులను వరుసగా పేర్చి, లేదా గుడ్డవలె నేసి, ఎపాక్సీ జిగురుతో తడిపి, అచ్చులో పెట్టి వేడితో గట్టిపరిస్తే ఫ్రేము తయారవుతుంది. పోగుల వెంబడి లాగితే ఈ పదార్థం ఉక్కుతో పోటీ పడుతుంది. బరువులో ఉక్కుకు అయిదవ వంతు ఉంటుంది. కాని పొరల మీద అడ్డంగా నొక్కితే దాని బలం మరొక రకంగా ఉంటుంది. అప్పుడు భారాన్ని మోసేది పోగులు కావు, వాటి మధ్యనున్న జిగురు. ఉక్కు ఎక్కువ భారం పడితే ముందు వంగుతుంది, సొట్టపడుతుంది, మనకు హెచ్చరిక చేస్తుంది. కార్బన్ వంగదు. లోపలి పొరలు విడిపోతాయి, పైన రంగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

ఇక్కడ చరిత్రలో ఒక విశేషం ఉంది. 1986లో గ్రెగ్ లెమాండ్ తన మొదటి టూర్ డి ఫ్రాన్స్‌ను కార్బన్ గొట్టాల సైకిలు మీదనే గెలిచాడు. అయితే ఆనాటి ఆ ఫ్రేములలో కార్బన్ గొట్టాలను అల్యూమినియం కీళ్ళలో అతికించేవారు. సీటు పోస్టును పట్టుకొనే భాగం లోహమే. అందుచేత పాతకాలపు బిగింపే అక్కడ పనికి వచ్చింది. కీళ్ళతో సహా ఫ్రేమంతా కార్బన్‌తో పోతపోసినట్లు తయారుచేయడం మొదలైన తరువాత సీటు గొట్టం పెదవి కూడా కార్బనే అయింది. నున్నని కార్బన్ గొట్టంలో నున్నని కార్బన్ పోస్టు. జారుడు కథ అక్కడ మొదలైంది.

ఘర్షణ చెప్పే లెక్క

గొట్టంలో పోస్టు నిలబడడానికి మేకు లేదు, జిగురు లేదు. ఉన్నదల్లా ఘర్షణ. 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆమొంటన్స్ ప్రకటించిన సూత్రాన్ని మనం పాఠశాలలో చదువుకున్నాము. రెండు తలాల మధ్య ఘర్షణ రెండింటి మీదనే ఆధారపడుతుంది: అవి ఒకదానినొకటి ఎంత బలంగా ఒత్తుకుంటున్నవి, వాటి గరుకుదనం ఎంత. ఈ గరుకుదనాన్ని కొలిచే అంకెకు ఘర్షణ గుణకమని పేరు. ఒత్తిడిని ఆ గుణకంతో గుణిస్తే వచ్చేదే పట్టు.

ఒకటి ఇంకొకదానితో గుణింపబడుతున్నప్పుడు, ఫలితాన్ని పెంచడానికి రెండు దారులుంటాయి. సాధారణంగా మనం మొదటి దారినే పడతాము: ఒత్తిడి పెంచుతాము, అనగా బోల్టు ఇంకా తిప్పుతాము. కార్బన్ విషయంలో ఆ దారికి కొద్ది దూరంలోనే గోడ ఉంది. రెండవ దారి గుణకాన్ని పెంచడం, అనగా తలాలను శుభ్రంగా, గరుకుగా ఉంచడం. ఆ దారి తెరిచి ఉన్నా చాలామంది అటు చూడరు.

ఆమొంటన్స్ సూత్రంలో మరొక సంగతి కూడా ఉంది. తలాల వైశాల్యానికి పట్టుతో సంబంధం లేదు. కాబట్టి పోస్టును గొట్టంలోకి ఇంకా లోతుగా దించినంత మాత్రాన జారడం తగ్గదు. పట్టుకొనేది పైనున్న క్లాంపు ఒక్కటే. లోతు అవసరమైనది వేరొక కారణానికి. దానిని తరువాత చూద్దాము.

ఇక బోల్టు సంగతి. బిగింపును కొలిచే అంకెకు ఆంగ్లంలో టార్క్ అని పేరు. మెలిపెట్టడమనే అర్థంగల లాటిన్ ధాతువు నుండి ఆ మాట పుట్టింది. పేరులోనే ఉన్నట్లు అది మెలిపెట్టే బలమే గాని నొక్కే బలం కాదు. దీనిని న్యూటన్-మీటర్లలో కొలుస్తారు. కార్బన్ ఫ్రేముల క్లాంపుల మీద సాధారణంగా 4 నుండి 6 న్యూటన్-మీటర్ల హద్దు ముద్రించి ఉంటుంది. 5 మిల్లీమీటర్ల బోల్టును 5 న్యూటన్-మీటర్లతో బిగిస్తే, బోల్టు లోపల కలిగే లాగుడు సుమారు 5,000 న్యూటన్లు. అనగా అరటన్ను బరువు వ్రేలాడదీసినంత. చేతిలో చిన్న అలెన్ కీ అరటన్నును సృష్టిస్తుందంటే, ఇంకొక అరచుట్టు తిప్పడం ఎంత సాహసమో ఊహించవచ్చు.

అయితే మనం పెట్టే శ్రమంతా ఆ లాగుడుగా మారదు. దాదాపు పదింట తొమ్మిది వంతులు బోల్టు మరల రాపిడికి, తల క్రింది రాపిడికి ఖర్చయిపోతుంది. మరలు తుప్పుపట్టి పొడిగా ఉంటే, రెంచి 5 చూపినా నిజంగా కలిగే నొక్కుడు చాలా తక్కువగా ఉండవచ్చు. మిగిలిన నొక్కుడులో కొంత భాగం గొట్టపు చీలికను మూయడానికే పోతుంది. పోస్టు గొట్టం కంటె సన్నగా ఉన్నకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది.

తొక్కేవాని బరువు కేవలం నిట్టనిలువుగా క్రిందికే పనిచేయదని కూడా గమనించాలి. పోస్టు వెనుకకు వాలి ఉంటుంది. ప్రతి తొక్కుడుకూ, ప్రతి గుంతకూ అది వెంట్రుకవాసి ముందుకూ వెనుకకూ ఊగుతుంది. పాతిన గుంజను పెరకదలచినవాడు ముందు దానిని అటూ ఇటూ ఊపుతాడు. ఇక్కడ జరిగేదీ అదే; ఊపు పట్టును సడలిస్తుంది, బరువు క్రిందికి దించుతుంది. సన్నని దుమ్ము, చెమట, వాననీరు ఆ ఊపుకు తోడైతే పని మరింత తొందరగా జరుగుతుంది.

రేకుముక్క వైద్యం

మన ఊళ్ళలో చెట్టుక్రింద సైకిలు బాగుచేసేవారి నేర్పు తక్కువది కాదు. ఉక్కు సైకిలు సీటు దిగుతున్నదంటే వారు చేసే వైద్యం రెండు రకాలు. పెద్ద పానా తీసుకొని నట్టును ఇక తిరగనంటున్నంతవరకూ బిగించడం ఒకటి. డబ్బా రేకు ముక్కను కత్తిరించి పోస్టు చుట్టూ చుట్టి లోపలికి దించడం రెండవది. ఉక్కు గొట్టం కొద్దిగా సాగుతుంది, వంగుతుంది, రేకును కౌగిలించుకుంటుంది. ఆ వైద్యం ఉక్కుకు దశాబ్దాలుగా పనిచేసింది.

అదే వైద్యం కార్బన్‌కు విషం. రేకు అంచు పదునైనది. బిగించినప్పుడు ఆ అంచు ఒక సన్నని గీత మీదనే భారమంతా మోపి పోగులను తెంచుతుంది. రేకు అల్యూమినియందైతే మరొక చిక్కు కూడా ఉంది. చెమటలోని ఉప్పునీరు తగిలినప్పుడు కార్బన్, అల్యూమినియం రెండూ కలిసి చిన్న బ్యాటరీవలె ప్రవర్తిస్తాయి. అల్యూమినియం తినివేయబడుతుంది. శీతలపానీయం డబ్బా రేకు వాడమని చెప్పే సలహాను ఈ కారణాలవల్లనే పాటించరాదు.

జిగురు పెట్టి అతికించడం కూడా తగదు. సీటు ఇక ఎప్పటికీ మారదు. తీయవలసి వస్తే ఫ్రేమును కోయవలసి ఉంటుంది. మామూలు గ్రీజు లోహపు పోస్టును లోహపు ఫ్రేములో పెట్టేటప్పుడు మేలు చేస్తుంది. కార్బన్ పోస్టుకు పూస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. సైకిలుకు నూనె, గ్రీజు ఎంత పెడితే అంత మంచిదన్న పాత నమ్మకం ఇక్కడ తలక్రిందులవుతుంది.

చేయవలసిన పని, వరుసగా

మొదట రోగం నిశ్చయించుకోవాలి. సీటు నిజంగా దిగుతున్నదా, లేక పైన సీటును పట్టే బోల్టు వదులై సీటు ముక్కు మాత్రమే వాలుతున్నదా? ఫ్రేము అంచుకు సరిగ్గా పైన పోస్టు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసి 20 కిలోమీటర్లు తిరిగి రండి. టేపు అంచు గొట్టానికి ఆనుకొని ముడుచుకుంటే పోస్టు దిగినట్లే. బ్లేడుతోగాని మేకుతోగాని కార్బన్ మీద గీతలు గీయరాదు.

తరువాత పెడళ్ళ ఇరుసు నడిమి నుండి సీటు పైభాగం వరకు కొలిచి, ఆ అంకెను కాగితం మీద వ్రాసి ఉంచుకోండి. ఇక పోస్టును పూర్తిగా పైకి తీయండి. దాని మీద నిలువు గీతలున్నాయా, నల్లని పొడి ఉన్నదా, పగుళ్ళున్నాయా చూడండి. గొట్టపు చీలిక మొదలులో, క్లాంపు కూర్చునే చోట మంచి వెలుతురులో పరిశీలించండి. నాణెంతో మెల్లగా తట్టితే గట్టి భాగం స్పష్టంగా మోగుతుంది. పొరలు విడిన చోట శబ్దం మందంగా ఉంటుంది. అనుమానం కలిగితే అక్కడితో ఆపి, తెలిసినవారికి చూపించాలి.

మూడవది, శుభ్రపరచడం. మొత్తం పనిలో సగం ఫలితం ఇక్కడే ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన నూలుగుడ్డతో పోస్టును, గొట్టం లోపలి భాగాన్ని గుడ్డకు మరక అంటనంతవరకూ తుడవాలి. కిరోసిన్ పనికిరాదు; అది ఆరినా జిడ్డుపొర మిగులుతుంది. చేతులకు రాసుకొనే శానిటైజరు కూడా వద్దు. అనేక రకాలలో చర్మం ఎండిపోకుండా గ్లిసరిన్ కలుపుతారు, అది జారుడును పెంచుతుంది. తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి.

నాలుగవది, కొలత. పోస్టు వ్యాసం దాని మీదనే ముద్రించి ఉంటుంది: 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు సాధారణమైనవి. ఫ్రేముకు ఏది నిర్ణయించారో సరిచూసుకోవాలి. 27.2 కావలసిన చోట 27.0 పోస్టు కంటికి తేడా లేకుండా దిగుతుంది గాని ఎప్పటికీ నిలవదు. వెర్నియర్ కాలిపర్స్‌తో పోస్టును రెండు దిశలలో కొలిస్తే అరుగుదల కూడా తెలుస్తుంది. సన్నని పోస్టును లావు గొట్టంలో వాడవలసి వస్తే, అందుకోసమే కర్మాగారంలో తయారైన తొడుగు వాడాలి.

ఐదవది, లోతు. పోస్టు మీద ఇంతకంటె పైకి తీయరాదని తెలిపే గీత ఉంటుంది. అది ఫ్రేములోనే ఉండాలి. పైగొట్టం వచ్చి కలిసే చోటు కంటె క్రిందికి పోస్టు దిగి ఉండటం క్షేమం. లేకపోతే మనిషి బరువు గడ్డపారవలె పనిచేసి గొట్టపు పెదవిని చీలుస్తుంది. లోతు పట్టు కోసం కాదు, ఫ్రేము ప్రాణం కోసం.

ఆరవది, క్లాంపు. దాని చెవులు రెండూ సమాంతరంగా ఉండాలి. ఒకదానినొకటి తాకుతున్నాయంటే ఇక ఎంత బిగించినా నొక్కుడు పెరగదు, క్లాంపు మార్చవలసిందే. బోల్టును విప్పి మరలను శుభ్రపరచి, మరలకూ తల క్రిందకూ కొంచెం గ్రీజు పెట్టాలి. తయారీదారు మరలకు ముందే వేరే లేపనం పూసి ఉంటే దానిని అట్లాగే ఉంచాలి. గ్రీజుకు తగిన చోటు బోల్టే. అక్కడ రాపిడి తగ్గితే రెంచి చూపే అంకె నమ్మదగినదవుతుంది. ఆ వేళ్ళతో మాత్రం పోస్టును తాకవద్దు.

ఏడవది, అసలు మందు. సైకిలు షాపులలో కార్బన్ పేస్టు అనే పేరుతో చిన్న గొట్టాలలో దొరుకుతుంది. జిగటగా ఉండే ద్రవంలో సన్నని గట్టి రేణువులు కలిపి దీనిని చేస్తారు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తని ఇసుకవలె తగులుతుంది. రెండు తలాల మధ్య చిక్కుకొన్న ఆ రేణువులు ఘర్షణ గుణకాన్ని పెంచుతాయి. ఫలితంగా తక్కువ బిగింపుతోనే ఎక్కువ పట్టు దొరుకుతుంది. పోస్టులో గొట్టంలోకి దిగే భాగానికి, గొట్టం లోపల పైభాగంలో నాలుగైదు సెంటీమీటర్ల వరకు పలుచగా పూస్తే చాలు. పూసిన తరువాత పోస్టును అటూ ఇటూ మెలిపెట్టి ఆడించరాదు. రేణువులు గీతలు పెడతాయి.

ఎనిమిదవది, బిగింపు. ఫ్రేము మీద ఒక హద్దు, పోస్టు మీద మరొక హద్దు, క్లాంపు మీద ఇంకొకటి ఉంటే, వాటిలో చిన్నదే మన హద్దు. హద్దు 5 అయితే మొదట 3తో ప్రారంభించండి. సీటు మీద ఒక్కసారి బరువుగా కూర్చుని చూడండి. కదిలితే 4, తరువాత 5. నిలిచిన చోట ఆగాలి. హద్దును గమ్యంగా తీసుకోనక్కరలేదు. రెండు బోల్టుల క్లాంపయితే ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాలి. ఈ పనికి టార్క్ రెంచి తప్పనిసరి. చేతి అంచనా అనుభవజ్ఞులను కూడా మోసగిస్తుంది. సొంతానికి కొనలేనివారు నలుగురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

చివరగా మళ్ళీ టేపు చుట్టి ఇరవై కిలోమీటర్లు తిరిగి రండి. తిరిగి వచ్చాక బిగింపును ఒకసారి సరిచూడండి. టేపు కదలకపోతే పని ముగిసినట్లు.

అయినా దిగితే

ఇంత చేసినా సీటు దిగుతుంటే, తప్పు సాధారణంగా కొలతలో ఉంటుంది. పోస్టు అరిగి ఉండవచ్చు, లేదా గొట్టం లోపలి రంధ్రం సరిగా గుండ్రంగా లేకపోవచ్చు. పోస్టు మెరుపు పూత మరీ నున్నగా ఉంటే అదే కొలతలో గరుకు ఉపరితలం గల మరొక పోస్టు మార్చి చూడవచ్చు. గొట్టాన్ని లోపల గరుకు కాగితంతో రుద్దే పనికి మాత్రం ఇంటిలో పూనుకోరాదు. కొలత ఇంకా పెరుగుతుంది, కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, హామీపత్రం కూడా చెల్లకుండా పోవచ్చు. ఫ్రేము కొలతలోనే దోషముంటే సరిదిద్దవలసిన బాధ్యత తయారీదారుది. కొలతలు, ఫొటోలు, వాడిన బిగింపు అంకె వ్రాసి పంపితే కొనుగోలుదారు మాటకు బలం చేకూరుతుంది.

కొన్ని నూతన సైకిళ్ళలో గాలిని చీల్చుకొనిపోయేందుకు పోస్టును గుండ్రంగా కాక బల్లపరుపుగా చేస్తారు. దానికి ఉంగరపు క్లాంపు ఉండదు. ఫ్రేములో దాగిన చీల వంటి ముక్క పోస్టును ఒకవైపు నుండి ఒత్తుతుంది. రూపం మారినా సూత్రం మారదు. ఆ చీలను బయటికి తీసి శుభ్రపరచాలి, అది ఒత్తే ముఖానికి పేస్టు పూయాలి, దాని బోల్టు మరలకు గ్రీజు పెట్టాలి, ముద్రించిన హద్దులోనే బిగించాలి.

మరచిపోతే వచ్చే మరో రోగం

ఒకసారి నిలిచిందిగదా అని పోస్టును సంవత్సరాల తరబడి వదిలివేయడం కూడా మంచిది కాదు. ముఖ్యంగా అల్యూమినియం పోస్టు కార్బన్ ఫ్రేములో ఉన్నప్పుడు, ఇంతకు ముందు చెప్పిన బ్యాటరీ చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది. అల్యూమినియం మీద ఏర్పడే తెల్లని ఆక్సైడు ఉబ్బి గొట్టాన్ని పట్టివేస్తుంది. జారే సీటుకు బదులు ఎంత లాగినా కదలని సీటు మిగులుతుంది. దానిని బలవంతంగా తిప్పబోయి ఫ్రేమునే పగులగొట్టుకొన్నవారున్నారు. సముద్రతీర నగరాలలో, వానాకాలంలో ఈ భయం ఎక్కువ. రెండు మూడు నెలలకొకసారి, వానాకాలం ముగిశాక తప్పనిసరిగా, పోస్టును తీసి, తుడిచి, కొత్తగా పేస్టు పూసి పెడితే రెండు రోగాలూ దరిచేరవు. అరగంట కంటె ఎక్కువ పట్టే పని కాదు.

సైకిలును షాపులో ఇచ్చేటప్పుడు కూడా ఒక్క మాట చెప్పడం అవసరం: "సీటు బోల్టు ఐదుకు మించి బిగించవద్దు; రెంచి లేకపోతే దానిని ముట్టుకోవద్దు." చెప్పడానికి మొహమాటపడితే నష్టపోయేది మనమే. మన మెకానిక్కులలో చాలామంది లోహంతో పెరిగినవారు. వారి చేతులకు తెలిసిన 'గట్టిగా' అనే మాటకు కార్బన్‌లో అర్థం వేరు.

సీటు పోస్టు ఒక్కసారిగా విరిగితే దాని మీద కూర్చున్న మనిషి విరిగిన మొన మీదనే పడతాడు. వెనుక వాహనాలు వస్తున్న రోడ్డు మీద ఆ పాటు ప్రాణాంతకం కావచ్చు. అతిగా నలిగిన కార్బన్ విరిగేది అట్లాగే, ముందుగా చెప్పకుండా. కాబట్టి సీటు దిగిన ప్రతిసారీ చేయి అలెన్ కీ వైపు వెళ్ళే ముందు, ఒక శుభ్రమైన గుడ్డ వైపు వెళ్ళాలి. తలాలు శుభ్రంగా, కొలత సరిగా, నడుమ చిటికెడు గరుకు ఉన్నచోట ఐదు న్యూటన్-మీటర్లు సాధారణంగా సరిపోతాయి. అవి లేనిచోట పది కూడా చాలవు. ఆ పది భరించేలోగా ఫ్రేమే పగిలిపోతుంది.